ఎదర కనపడనప్పుడు

కైకలూరులో ఐసు ఆలస్యమైంది. రాత్రి పదింటికి హౌరాకి కదలాల్సిన చేపల లోడు తెల్లవారుజామున మూడు దాటితే గానీ కదల్లేదు. ట్రేలో చేప, చేప మీద నలగ్గొట్టిన ఐసు, దాని మీద ఇంకో ట్రే. వెనకాల టన్నుల కొద్దీ చలి, ఎదర డిసెంబరు చలి. మధ్యన కేబిన్‌లో మావయ్య, క్లీనరు కుర్రాడు, నేను.

ఏలూరు రోడ్డెక్కి కొల్లేరులోకి దిగేదాకా బాగానే ఉంది. ఆలపాడు దాటాక ఎవరో పల్చటి తెల్లపంచె ఆరేసినట్టు మొదలైంది. ఇంకో కిలోమీటరుకి అదే పంచె ఏడెనిమిది మడతలైంది. చేపల చెరువు గట్లు కనపడ్డం మానేశాయి. ఆ తర్వాత రోడ్డు పక్క తుమ్మలు పోయాయి. చివరికి మా బండి బానెట్ మాత్రమే మిగిలింది.

మావయ్య కంగారు పడలేదు. లైటు డిమ్‌లో వేశాడు. గేరు తగ్గించాడు. తన పక్క అద్దం రెండు వేళ్ల మందం దించి, చెవుల మీదున్న మఫ్లర్ని మెడలోకి లాక్కున్నాడు.

"ఆ పాటలు కట్టెయ్యరా అబ్బాయ్. కళ్లు పనిచెయ్యనప్పుడు చెవులన్నా పనిచెయ్యాలి కదా."

నాకు చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. అద్దం ఎత్తమని అడగబోయి ఊరుకున్నాను. అప్పుడే ఎడమ పక్కనుంచి డీజిలు ఇంజను చప్పుడు వినపడింది. కంటికి మాత్రం ఏమీ లేదు. బండి నడక వేగానికి వచ్చేసింది. అయిదారు క్షణాల తర్వాత మంచులోంచి ఒక ట్రాక్టరు ట్రక్కు వెనకభాగం మెల్లగా బయటికొచ్చింది. వరి బస్తాల లోడు. వెనక ఒక్క దీపం లేదు, ఎర్ర స్టిక్కరు ముక్క కూడా లేదు. అద్దం మూసి, పాటలు పెట్టుకుని వస్తున్న బండైతే ఏమయ్యేదో నేను రాయనక్కర్లేదు.

ఈ కథనానికి నేను ఆ రాత్రి ప్రయాణం కట్టింది చలికాలంలో బండి తోలేవాళ్ల గురించి రాద్దామని. మనది ఎండల దేశం, చలితో మన బండ్లకి పనేముంటుందిలే అనుకుంటాం. రేడియేటరు గడ్డకట్టడం, చక్రాలకి గొలుసులు కట్టడం మనకి సినిమాల్లో చూసే సంగతులు. మన దగ్గర చలి ఇంజను జోలికి పెద్దగా పోదు. డ్రైవరు కళ్ల జోలికి, వేళ్ల జోలికి, నిద్ర జోలికి వస్తుంది. అందుకే దాని లెక్క మనం ఎప్పుడూ సరిగ్గా కట్టలేదు.

మబ్బు లేని రాత్రి, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలని అంటుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ సన్నటి నీటి చుక్కలై నిలబడిపోతుంది. పక్కనే చెరువో, కాలవో, తడి చేనో ఉంటే మరీ చిక్కన. అందుకే కొల్లేరులో, గోదావరి లంకల్లో, కృష్ణా కాలవల పక్కన, ఇటు హౌరా దారిలో చిలకా సరస్సు ఒడ్డున రంభ, బాలుగావ్ దగ్గర మంచు దట్టంగా పడుతుంది. వాతావరణ శాఖ లెక్కలో కిలోమీటరు లోపు చూపు ఆనకపోతే పొగమంచు, 200 మీటర్ల లోపు అయితే దట్టమైన పొగమంచు, 50 మీటర్లు కూడా కనపడకపోతే అతి దట్టమైనది. సూర్యుడు వచ్చిన వెంటనే అది పోదు. నేల వేడెక్కాలి. తెల్లారిందిగా అని బండి వేగం పెంచేవాళ్లకి ఇదే ముప్పు తెస్తుంది.

ఆ 50 మీటర్ల లెక్క ఒకసారి చూద్దాం. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి క్షణానికి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదర ఏదో ఉందని కంటికి తెలిసి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర క్షణం. అంటే బ్రేకు పడకముందే 25 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత లోడు లారీ పొడి రోడ్డు మీద నిలబడ్డానికి ఇంకో 35 మీటర్లైనా కావాలి. మొత్తం 60. కనపడేది 50. అదే బండి 30లో ఉంటే పాతిక మీటర్ల లోపే నిలబడుతుంది. మావయ్యకి ఈ లెక్క తెలియదు. "రెండు లారీల పొడవు కనపడితే ఒక లారీ పొడవులో ఆగేటట్టు ఉండాలి" అంటాడు. నా లెక్కకన్నా ఆయన లెక్కే డ్రైవరు చేతికి సులువుగా అందుతుంది.

లైట్ల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కనపడకపోతే ఇంకా పెద్ద లైటు వెయ్యాలనిపిస్తుంది. హైబీమ్ వేస్తే ఆ వెలుగంతా నీటి చుక్కల మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది, ఎదర తెల్లగోడ లేస్తుంది. డిమ్ లైటు కిందికి దిగుతుంది కాబట్టి మంచు కింద ఉన్న రోడ్డుని కాస్తయినా చూపిస్తుంది. ఫాగ్ లైట్లు బంపరు దగ్గర అంత కిందకి పెట్టేది కూడా అందుకే. వాటిని పైకి తిప్పి, అందానికి నాలుగు అదనంగా బిగించి, ఎదురొచ్చేవాడి కళ్లలో కొట్టేవాళ్లు ఈ రోడ్ల మీద లెక్కలేనంతమంది. ఎదరి బండి వెనక దీపాలు పట్టుకుని తోక పట్టుకున్నట్టు పోవడం ఇంకో అలవాటు. వాడు కాలవలోకి పోతే మనమూ కాలవలోకే. మావయ్య ఆ రాత్రంతా చూసింది రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్లగీత. నడి గీత పట్టుకుంటే ఎదురొచ్చేవాడూ అదే గీత పట్టుకుని వస్తుంటాడట. నాలుగు ఇండికేటర్లూ టకటకలాడించుకుంటూ నడపడం కూడా ఆయనకి నచ్చదు. "ఆగిన బండో, పోయే బండో వెనకాలవాడికి ఎట్టా తెలుస్తుంది? పక్కకి తిరుగుతున్నావో లేదో ఎట్టా చెప్తావు?" అంటాడు.

అద్దం మాట కూడా చెప్పాలి. మంచు బయట ఉన్నా మనల్ని ముందు గుడ్డివాళ్లని చేసేది లోపలి తేమే. ముగ్గురి ఊపిరి, తడిసిన తువ్వాలు, గ్లాసులో టీ ఆవిరి, ఇదంతా చల్లటి అద్దానికి చేరి చెమరుస్తుంది. చేత్తో తుడిస్తే ఆ జిడ్డు అంటుకుని, ఎదురు బండి లైటు పడినప్పుడు అద్దమంతా వెలుగు మరక. చలికాలంలో ఏసీ ఎందుకని కారున్నవాళ్లు దాన్ని ముట్టుకోరు గానీ, ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది. ఏసీ, హీటరు రెండూ వేసి గాలిని ముందద్దం మీదికి మళ్లిస్తే, లోపలి గాలే తిరగకుండా బయటి గాలి వచ్చేలా పెడితే అద్దం నిమిషాల్లో తేటపడుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకి ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. అది ఎండ కోసమని అందరూ అనుకున్నారు. పొగమంచులో కూడా అది డ్రైవరు పక్షానే ఉంటుంది. ఇప్పటికే రోడ్డు మీదున్న లక్షల పాత లారీలకి మాత్రం అద్దం రెండు వేళ్లు దించి, వణుక్కుంటూ పోవడం ఒక్కటే దారి. క్లీనరు కుర్రాడు సీటు కింద నుంచి కోసిన బంగాళదుంప తీసి అద్దం బయట రుద్దాడు. ఆ పాత వైద్యం ఇంకా బతికే ఉంది.

ఏలూరు దగ్గర హైవే ఎక్కాం. 16వ నంబరు రహదారి, ఇటు చెన్నై, అటు కోల్‌కతా. ఇక్కడ మంచు పాయలు పాయలుగా ఉంది. అరకిలోమీటరు తేట, మళ్లీ ముసురు. ఇదే ఎక్కువ భయం. తేటగా ఉన్నచోట కాలు దానంతటదే నొక్కుతుంది.

మనకి పొగమంచు ఒంటరిగా రాదు. అదే సమయానికి సార్వా కోతలు. ధాన్యం ట్రాక్టర్లు, చెరకు బళ్లు, అటు ఆదిలాబాద్ వైపు పత్తి బళ్లు పొద్దు పొడవకముందే రోడ్డెక్కుతాయి. అదే సమయానికి మాలలు వేసుకున్న స్వాములు. నల్లబట్టల్లో, చెప్పులు లేకుండా, తెల్లవారుజామున గుంపులుగా నడుస్తుంటారు. ఎర్రబట్టల భవానీలు బెజవాడ దారి పడతారు. అది ముగిసేసరికి సంక్రాంతి. హైదరాబాద్ నుంచి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల మీదుగా ఇళ్లకొచ్చే కార్లు. రాత్రంతా తోలి, తెల్లారేసరికి ఊళ్లో ఉండాలని పట్టు. మార్గశిర, పుష్య మాసాల్లో మన రోడ్డు మీద ఎన్ని రకాల తొందరలు కలుస్తాయో, అన్నిటి మీదా ఒకే మంచు కప్పుకుని ఉంటుంది.

వీటన్నిటికన్నా కింద, రోడ్డు మీదే పరుచుకుని ధాన్యం ఉంటుంది. కల్లాలు లేని రైతు సర్వీసు రోడ్డు మీదో, ఊరి రోడ్డులో సగం మీదో ఆరబెడతాడు. రాత్రికి కుప్పచేసి నల్ల బరకం కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతాడు.

"పదమూడేళ్ల కిందట," అన్నాడు మావయ్య, చూపు తిప్పకుండా. "ఉండి రోడ్డులో. ఎదర నల్లగా కనపడింది. తారు తడిగా ఉందనుకున్నా. దగ్గరికొచ్చాక తెలిసింది బరకం అని. కుడి పక్కకి కోస్తే ఎదురుగా లైటు. ఇంక కొయ్యలేదు. ముందు చక్రం రాళ్ల మీదికెక్కి బండి పక్కకి ఒరిగింది. అప్పటి మా క్లీనరు కాలు డోరుకీ గట్టుకీ మధ్యన పడింది."

కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"రైతుని తిట్టావా?"

"ఎట్టా తిడతాంరా? తేమ పదిహేడు శాతం దాటితే కొనేవాళ్లు తీసుకోరు. ఆరబెట్టాల, ఆయనకి జాగా లేదు. నాకు చూపు లేదు. బరకం మీద తెల్ల యూరియా సంచులు నాలుగు పరిచినా కనపడేది."

నాలుగు తెల్ల సంచులు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ప్రతి పల్లెలో ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర ఒక కల్లం వేస్తే రైతు రోడ్డెక్కడు. ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్రటి మెరుపు టేపు అతికిస్తే వంద మీటర్ల నుంచి కనపడుతుంది. దాని ఖర్చు రెండు పూటల టీ టిఫిన్ల డబ్బు. లారీలకి ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు టేపు ఉండాలని నిబంధన ఉంది. పొలం నుంచి వచ్చే ట్రక్కు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ పట్టించుకోరు. పంట ఇంటికొచ్చే రోజుల్లోనే పల్లెల్లో ఇలా ఒక్కో ఇల్లు చీకటి పడిపోవడం చూస్తూ ఊరుకోవడం నాకు చేతకావడం లేదు.

మైదానం వదిలి కొండెక్కితే చలి ఇంకో రూపం చూపిస్తుంది. చింతపల్లి మండలం లంబసింగి, పాడేరు పక్కన వంజంగి, అరకు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. లంబసింగిలో కొన్నేళ్లు ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలకి దిగుతుంది. మబ్బుల మీద సూర్యోదయం చూడాలని విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి అర్ధరాత్రి బయల్దేరి, నర్సీపట్నం దాటి, మూడింటికి ఘాట్ ఎక్కుతారు. పగలంతా ఉద్యోగం చేసినవాడు, కొండ దారి ఎప్పుడూ ఎరగనివాడు, మనిషి ఒంట్లో నిద్ర అన్నిటికన్నా బరువుగా ఉండే వేళ, మంచులో మలుపులు తిప్పుతుంటాడు. సాయంత్రం వెలుగుండగానే పైకి చేరి పడుకుంటే అదే సూర్యుడు కనపడతాడు. దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరులోనే దిగాలి. బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది, చలికాలమైనా సరే.

పైన ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. చలికి తాళలేక కారులోనో కేబిన్‌లోనో అద్దాలన్నీ ఎత్తి కుంపటి పెట్టుకుని పడుకోవడం, ఇంజను ఆన్ చేసి హీటరు వేసుకుని నిద్రపోవడం. బొగ్గు సగం కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. రక్తంలో ప్రాణవాయువు ఎక్కాల్సిన చోట అది రెండొందల రెట్లకి మించిన పట్టుతో ఎక్కి కూర్చుంటుంది. మనిషి నిద్రలోంచి లేవడు. కుంపటి బయట ఉండాలి, చలికి దుప్పటి ఉండాలి. మందు వేసుకుంటే వేడి అనేవాళ్లకి కూడా ఒక మాట. అది ఒంట్లోని వేడిని చర్మం దగ్గరికి తెచ్చి బయటికి పోగొడుతుంది. వెచ్చగా అనిపిస్తుంది, లోపల చల్లబడుతుంటుంది.

చలి ఇంజను జోలికి పోయే చోట్లూ ఉన్నాయి. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యంలోకి మనుషుల్ని పంపుతున్న ఊరు, అందుకే మిలటరీ మాధవరం అంటారు. అక్కడ లదాఖ్‌లో సైనిక లారీ నడిపి వచ్చిన పెద్దాయనతో వారం ముందు మాట్లాడాను. మన మార్గశిరంలో కొబ్బరినూనె సీసా గడ్డకడితే ఎండలో పెడతాం కదా, అక్కడ డీజిలుకి అదే గతి అన్నాడు. డీజిల్లో మైనం ఉంటుంది. చలికి అది తేలి, చిక్కబడి, ఫిల్టర్లో అడ్డం పడుతుంది. పొద్దున్నే ట్యాంకు కింద స్టవ్ వెలిగించి కాచిన రోజులు ఆయనవి. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ అక్కడికోసం చలికాలపు డీజిలు తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారైన ఆ డీజిలు మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. "మాకప్పుడు అది లేదు బాబూ. బండిని రాత్రంతా బిడ్డలా చూసుకునేవాళ్లం" అన్నాడాయన, అరచేతులు రుద్దుకుంటూ.

మనకి అంత అక్కర్లేదు. మన పది పన్నెండు డిగ్రీలకి బయటపడేది బ్యాటరీ ముసలితనమే. చలికి బ్యాటరీ లోపలి రసాయనం మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర మూడో వంతు బలం పోతుంది. ఇంజనాయిలు చిక్కబడి, తిప్పడానికి మాత్రం ఎక్కువ బలం అడుగుతుంది. అందుకే మూడేళ్ల బ్యాటరీ వేసవంతా బాగానే ఉండి, ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున కిర్రుమని ఊరుకుంటుంది. సెల్ఫ్ ఆపకుండా తిప్పకూడదు, పది క్షణాలు తిప్పి అరనిమిషం ఆగాలి. మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి, తెల్లారుగట్ల ఇరవై డిగ్రీలు తగ్గేసరికి టైర్లో మూడు పాయింట్లకి పైగా పడిపోతుంది. గాలి చూసుకోవాల్సింది బండి కదలకముందే, పొద్దున్నే.

నాలుగు చక్రాల మీద కూర్చుని చలి గురించి మాట్లాడుకోవడం తేలిక. మేం హైవే మీద ఉండగానే ఒక పాలబండి మమ్మల్ని దాటింది. బైకుకి రెండు పక్కలా క్యాన్లు, చొక్కా లోపల ఛాతీ మీద నిన్నటి దినపత్రిక మడతలు. గాలి కాగితం దాటదు, మన ఊళ్లలో స్వెట్టరు కొనలేనివాళ్లందరికీ తెలిసిన సంగతే. హెల్మెట్ గాజు కనుబొమల దాకా ఎత్తి ఉంది. దించితే ఊపిరికి చెమరుస్తుంది. ఎత్తితే కళ్లలోంచి నీళ్లు. బ్రేకు మీద వేళ్లు మొద్దుబారి ఉంటాయి. ఆ బైకు వెనక ఒక్క ఎర్ర బొట్టు తప్ప వెలుగు లేదు.

గుండుగొలను దాటాక మంచు మళ్లీ మూసేసింది. ఈసారి మావయ్య నడపలేదు. ఎడమ పక్క పెట్రోలు బంకు దీపాలు మసకగా కనపడగానే లోపలికి తిప్పేశాడు. రోడ్డు అంచున ఆపలేదు. "అంచున ఆపితే మనమే ఇంకొకడికి గోడైపోతాం" అన్నాడు. అప్పటికే అక్కడ నాలుగు లారీలు, ఒక బస్సు. అందరూ టీ స్టాలు దగ్గర చేతులు కాచుకుంటున్నారు.

అక్కడినుంచి ఫోన్లు మొదలయ్యాయి. హౌరా మార్కెట్‌కి వేళకి చేరకపోతే ధర పడిపోతుంది. ఐసు కరుగుతోంది. ఆలస్యమైతే కిరాయిలో కోత, ఆ కోత చివరికి డ్రైవరు బత్తా మీదికే వస్తుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటల పని అని, అయిదు గంటలకి ఒకసారి అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారిలో మావయ్యకి ఆ చట్టం ఎక్కడా ఎదురుపడలేదు. రాత్రుళ్లు పోలీసులు ఆపి ముఖం కడిగించి పంపడం మంచి పనే. దానితోపాటు, మంచు పడిన పూట ఆలస్యానికి డ్రైవరు దగ్గర డబ్బు కొయ్యకూడదని సరుకు పంపేవాళ్లు ఒక్క మాట అనుకోవాలి. లారీలు ఆగడానికి దీపాలు, మరుగుదొడ్డి ఉన్న జాగా హైవే పొడవునా ఉండాలి. బండి ఆపడం ఎప్పుడో తెలిసిన డ్రైవర్లు మనకి బోలెడంతమంది ఉన్నారు. ఆపనిచ్చేవాళ్లు కావాలి.

"మావయ్యా, వాళ్లకి ఏం చెప్తావు?"

"మంచు అని చెప్తా. నమ్మరు. ఫొటో తీసి పంపరా."

తీశాను. ఫొటోలో తెలుపు తప్ప ఏమీ పడలేదు. అదే పంపించాం.

ఏడున్నరకి చెట్ల కొసలు ముందు కనపడ్డాయి. తర్వాత కరెంటు తీగలు, వాటి మీద పిట్టలు. ఎనిమిదికి రోడ్డు అవతల పొలం గట్టు దాకా తేటపడింది. బండి కింద ఐసు నీళ్లు చిన్న కాలవ కట్టాయి. క్లీనరు కుర్రాడు టైర్ల మీద కర్రతో కొట్టి చూస్తున్నాడు. మావయ్య లుంగీ ఎగ్గట్టుకుని, తడి గుడ్డ తీసుకుని బండి వెనక్కి వెళ్లాడు. రాత్రి బురదంతా పట్టిన రెండు ఎర్ర దీపాలనీ, వాటి మధ్యనున్న టేపునీ గోటితో గీకి మరీ తుడిచాడు. జేబులో ఫోను మళ్లీ మోగుతోంది. టేపు ఒక మూల ఊడొస్తుంటే బొటనవేలితో అదిమి, అది అంటుకునేదాకా అలాగే నిలబడ్డాడు.